నడిమి మాట

రాతలాయన అంటే ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తలరాతలు ఎవరు రాస్తారో ఎవరూ చూడలేదు గానీ, గోడరాతలు మాత్రం ముప్పై అయిదేళ్ళుగా ఈయనే రాస్తున్నాడు. సబ్బుల పేర్లు, సినిమా హాలు వేళలు, పళ్ళ డాక్టరు చిరునామా, ఇక్కడ చెత్త వేయరాదు, ఇక్కడ బళ్ళు నిలపరాదు. ఏమేం చేయకూడదో ఊళ్ళో సగం జనం ఆయన చేతి మీదుగానే నేర్చుకున్నారు. నేర్చుకుని మానేశారా అంటే అది వేరే సంగతి.

గోడ మీద అంత పెద్ద గొంతున్న మనిషికి ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదు. ఆకలేస్తే ఆకలి అనడు, వచ్చి కంచం ముందు కూర్చుంటాడు. కోపమొస్తే కుంచెలు కడుగుతాడు. సంతోషమొచ్చినా కుంచెలే కడుగుతాడు. భార్య దర్జీ దుకాణానికి బొత్తాలు కుట్టిపెట్టే మనిషి, మాటకారితనానికి పెట్టింది పేరు. "ఈయన మాట గోడ దాకా వెళ్తుంది గానీ గుమ్మం దాటి లోపలికి రాదమ్మా. పెళ్ళయిన కొత్తలో నా పేరు కూడా ఏ గోడ మీదన్నా రాస్తాడేమో, చదువుకుందామని చూశాను" అని ఇరుగుపొరుగులతో నవ్వేది. ఆయన వినీ విననట్టు కుంచె ఆరబెట్టుకునేవాడు.

ఆయన పనిలో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. మామూలు రాతగాళ్ళు ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి పోతారు. చివరికొచ్చేసరికి చోటు చాలక, ఆఖరి అక్షరాలు ఆఫీసు వేళ బస్సులో జనంలా ఇరుక్కుంటాయి. ఈయన అలా చేయడు. గోడను జానలతో కొలిచి, సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టి, రెండు కొసల నుంచీ ఒకేసారి మొదలుపెట్టిస్తాడు. ఈ కొస ఒక మనిషి, ఆ కొస ఒక మనిషి. ఎడమవైపు వాళ్ళు అందరిలాగే రాసుకుంటూ వస్తారు. కుడివైపు వాళ్ళు ఆఖరి అక్షరంతో మొదలుపెట్టి తిరగేసి వస్తారు. ఇద్దరూ నడిమిన కలుస్తారు. కలిసిన చోట కుంచె కాడలు రెండూ టక్కుమని తగిలించుకుంటే ఆ గోడ పని అయిపోయినట్టు.

ఈ పద్ధతి కనిపెట్టింది ఆయన కాదు, ఆయన తమ్ముడు. వాణ్ణి ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళు. అన్న రాస్తుంటే తను నిచ్చెన పట్టుకు నిలబడడం చిన్నోడికి నామోషీగా ఉండేది. "నువ్వు ఆ కొస నుంచి రా, నేను ఈ కొస నుంచి వస్తా, సగం పొద్దుకే ఇంటికి పోదాం" అన్నాడు ఒకనాడు. అలా తిరగేసి రాసీ రాసీ వాడికి నోటిమాట కూడా తిరగబడింది. కాఫీని ఫీకా అనేవాడు. నిద్రని ద్రని అనేవాడు. పద అనడానికి దప అనేవాడు. విచిత్రమేమిటంటే, మామూలుగా నోరు పెగలని అన్న ఆ తిరగేసిన భాషలో మాత్రం గలగలా మాట్లాడేవాడు. అది మాటలా ఉండదు, ఆటలా ఉంటుంది. అందుకని. అన్నదమ్ములిద్దరూ గోడకు చెరో కొసా ఎక్కి ఆ భాషలో అరుచుకుంటుంటే వాళ్ళమ్మ కింద నిలబడి, "ఇద్దరికీ ఒకేసారి పిచ్చి పట్టింది, ఖర్చు కలిసొచ్చింది" అనేది.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఒక కొండ కోసం యుద్ధం వచ్చింది. ఆ కొండ మీద ఎవరూ కాపురముండరు. నీళ్ళు లేవు, చెట్టు లేదు, మేకలు కూడా పనిగట్టుకుని ఎక్కవు. అది మాది అని వీళ్ళన్నారు, కాదు మాది అని అవతలి దేశం వాళ్ళన్నారు. కొండనెవరూ అడగలేదు.

పాత గోదాము గోడ ఊళ్ళో అన్నింటికన్నా పొడుగాటి గోడ. దాని ఎదురుగా మైదానం. ఆ మైదానంలో ఒక గొడుగు కింద బల్ల వేసి సైన్యంలోకి పేర్లు రాసుకుంటున్నారు. గోడ మీద ఏదైనా గట్టి మాట రాయమని రాతలాయనకు కబురొచ్చింది. అప్పటికాయనకు ఇరవై ఏడు. మూడు రోజులు నిద్రలోనూ మెలకువలోనూ ఆలోచించి, చివరికి టీ తాగుతూ తాగుతూ గ్లాసు దించి, మాట పట్టేశాడు.

మన పిల్లలు వెనక్కి పోరు.

పది అక్షరాలు. ఒక్క పొల్లు మాట లేదు. అన్నకు ఐదు, తమ్ముడికి ఐదు. ఎడమ నుంచి అన్న మన పిల్లలు అని రాసుకుంటూ వచ్చాడు. కుడి నుంచి చిన్నోడు రు రాసి, పో రాసి, క్కి, న, వె అంటూ వచ్చాడు. నడిమిన కుంచెలు టక్కుమన్నాయి. దిగి మైదానం అవతల నిలబడి చూస్తే ఆయన ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింత అబద్ధం కాదు, అది చెప్పి తీరాలి. ఊళ్ళో ఏ గోడకు చెమ్మ ఎక్కువో, ఏ గోడ మధ్యాహ్నానికి కాలుతుందో, ఏ గోడ కింద కుక్క పడుకుంటుందో అన్నీ తెలిసినవాడు. ఆ గోడలన్నీ, వాటి వెనకాల దీపాలు పెట్టుకున్న ఇళ్ళన్నీ ఒక్కసారిగా తన సొంతమనిపించాయి. ఎవరైనా వేలు పెడితే ఊరుకోకూడదనిపించింది.

వాళ్ళమ్మకు చదువు రాదు. చేయి పట్టుకు తీసుకొచ్చి చదివి వినిపించాడు. ఆవిడ నుదుటికి చేయి అడ్డం పెట్టి గోడకేసి చూసింది.

"వెనక్కి పోరంటే... వెనక్కి రారనా?"

"అది కాదమ్మా. భయపడి పారిపోరని."

"ఓహో" అంది ఆవిడ. అని, ఆ తర్వాత కూడా చాలాసేపు గోడకేసే చూస్తూ నిలబడింది.

మర్నాడు చిన్నోడు వెళ్ళి గొడుగు కింద పేరు రాయించుకున్నాడు. "రాసింది నేనే, నేనే పోకపోతే గోడ నవ్వదూ?" అన్నాడు. వాడికి ఇరవై రెండు. వారం రోజులకు బస్సు వచ్చింది. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, అన్నకొక్కడికే వినబడేట్టు అన్నాడు:

"అన్నయ్యా, ఒక్కసారి కుపో అను."

కుపో అంటే పోకు. తిరగేస్తే పోకు. అన్నకు అర్థం కాకపోవడమా! చిన్నప్పటి నుంచీ మాట్లాడిన భాష. ఆ పిల్లాడు అడుగుతున్నది ఆ ఒక్క మాట. అంటే ఆగిపోతాడు. కానీ బయట ఊరంతా దండలు పట్టుకు నిలబడి ఉంది. గోడ మీద ఎర్రగా మాట ఉంది. ఆ మాట తనది. తమ్ముణ్ణి ఆపేస్తే తన మాట తనే తుడిచేసుకున్నట్టు. ఆయన అర్థం కానట్టు మొహం పెట్టి, "తాళ్ళు గట్టిగా కట్టుకో" అన్నాడు. చిన్నోడు ఒక్కసారి తలెత్తి చూసి, నవ్వి, లేచాడు.

నలభై రోజులకు, చిన్నోడు ఇక రాడని ఒక కాగితం వచ్చింది. ఇంకో ఇరవై రోజులకు యుద్ధం అయిపోయింది. పెద్దమనుషులు కూర్చుని కొండ నడిమిన తీగ కట్టుకుని, సగం మీకు సగం మాకు అనుకున్నారట. కొండ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ తర్వాత ఏటేటా గోడకు సున్నం కొడుతూ వచ్చారు. మీద సబ్బులొచ్చాయి, సిమెంటు బస్తాలొచ్చాయి, మళ్ళీ సున్నం. కానీ తడిసిన సున్నానికి దాచే గుణం ఉండదు. వాన పడ్డప్పుడల్లా గోడ పలచబడి, అడుగు నుంచి ఆ పాత అక్షరాలు పైకి తేలేవి. అన్న రాసిన ఐదూ మసగ్గా తేలేవి. తమ్ముడివి మాత్రం, వాడు రంగులో నూనె ఎక్కువ కలిపేవాడు కాబట్టి, ఎర్రగా, నిన్ననే రాసినట్టు తేలేవి. క్కి మీది గుడి కొంచెం పక్కకు వాలి ఉండేది, కూర్చునే కునుకు తీస్తున్న మనిషి తలలాగ. ఎండ వచ్చి గోడ ఆరేసరికి అన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవి. వాన వెలిస్తే చాలు, రాతలాయన చెప్పులేసుకుని గోదాము దాకా నడిచేవాడు. ఎందుకెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి చేతిరాత చూడ్డానికి వెళ్తున్నానని ఏ నోటితో చెబుతాడు!

లేకలేక పుట్టిన కూతురు ఒకతె. నడక రాకముందే నిచ్చెన ఎక్కింది కాబట్టి పిట్ట అని పేరుపడింది. ఆ పిల్లకు పదేళ్ళొచ్చేసరికి గోడకు కుడి కొస మళ్ళీ మనిషి దొరికింది. తిరగేసి రాయడం నేర్పాడు. తిరగేసిన భాష నేర్పాడు. ఇంట్లో నోరు విప్పని తండ్రి గోడ దగ్గర నిచ్చెన బల్ల మీద తనతో న్ననా, మ్మఅ అంటూ కబుర్లాడుతుంటే పిట్టకు ఆకాశం అరచేతిలో ఉన్నట్టుండేది. బాబాయి కథ అడిగేది. ఆయన చెప్పేవాడు, సింహంలా వెళ్ళాడని, వెనక్కి తిరిగి చూడలేదని. బూట్ల తాళ్ళ సంగతి చెప్పేవాడు కాదు. ఒకసారి అబద్ధం చెబితే దాన్ని పోషించాలి కదా, పోషిస్తూ వచ్చాడు.

ఇన్నేళ్ళకు రేడియోలో మళ్ళీ కొండ పేరు మొదలైంది. తీగ తెంపారని వీళ్ళు, మీరే తెంపారని వాళ్ళు. మైదానంలో గొడుగు వెలిసింది, బల్ల వచ్చింది. ప్రచారం చూసే ఆఫీసరు స్వయంగా ఇంటికొచ్చాడు. మంచి మనిషే, కుర్చీ చూపిస్తే తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"మాస్టారూ, కొత్త మాటలు వద్దు. అప్పటి మాటే రాయండి. మా చిన్నప్పుడు అది చదివే మేం పెద్దయ్యాం. ఆదివారానికల్లా అయిపోవాలి. సోమవారం పొద్దున పదింటికి బస్సు."

రాతలాయన సరే అనలేదు, కాదనలేదు. లేచి కుంచెలు కడగడం మొదలుపెట్టాడు. ఆఫీసరు దాన్ని సరే కిందే జమకట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర పిట్ట చెప్పింది, తనూ పేరు ఇచ్చానని. ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. దానికీ ఇరవై రెండే.

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్నడిగి ఇచ్చావే?"

"అడిగేదేముందమ్మా? ఇల్లు కాలుతుంటే బావి దగ్గర నిలబడి అడుగుతామా?"

"ఎక్కడే కాలుతోంది ఇల్లు? నా పొయ్యి తప్ప నాకేం కనబడడం లేదు."

"వాళ్ళు మన గోడ దూకారమ్మా. పేపర్లో వేశారు."

"వాళ్ళ పేపర్లో మనమే దూకామని వేసుంటారు. ఇంటి మీద ప్రేముంటే ఇల్లు ఊడ్చుకుంటాం, చిల్లు పడితే పూడ్చుకుంటాం. ఆ ప్రేమ చూపించడానికి పక్కింటివాడి పిల్లల్ని చంపి రావాలా?"

"మరి వాళ్ళు మనల్ని చంపడానికొస్తే? తలుపు తీసి కూర్చోమందామా?"

తల్లి గరిటె పక్కన పడేసి మొగుడి మీద పడింది. "ఏవండీ, గోడల మీద ఊరికంతటికీ బుద్ధులు చెబుతారు కదా, మీ కూతురికి ఒక్క ముక్క చెప్పండి."

పిట్ట కూడా తండ్రి మొహంలోకి చూసింది. అదేమీ మొండిగా చూడలేదు, చెప్పొద్దూ, ఆశగా చూసింది. "నువ్వేమంటావు నాన్నా?"

ఆయన కంచంలోకి తల వంచి అన్నం కలుపుకున్నాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన కలలో నడిచినట్టు నడిచాడు. టీ దుకాణం దగ్గర నిలబడి టీ అడగడం మరిచిపోయేవాడు. అవతలి దేశంలో కూడా ఒక రాతలాయన ఉంటాడు కదా అని తోచింది ఒక మధ్యాహ్నం. వాడూ ఏదో ఒక పొడుగాటి గోడకు నిచ్చెన వేసి, వాళ్ళ భాషలో వాళ్ళ పిల్లలు వెనక్కి పోరని రాస్తుంటాడు. తను ఈ కొస నుంచి, వాడు ఆ కొస నుంచి. ఇద్దరూ ఒక్కో అక్షరమే రాసుకుంటూ వస్తున్నట్టు, కొండ దగ్గర నడిమిన కలుసుకోబోతున్నట్టు కళ్ళ ముందు కనబడింది. వాడి మొహం చూద్దామని తల తిప్పితే చిన్నోడు. ఒంటి మీద రంగు మరకలు. ఇంకా ఇరవై రెండే. దప అన్నయ్యా, దప, అంటున్నాడు. టీ చల్లారిపోయిందని దుకాణంవాడు కేకేస్తే ఈ లోకంలోకి వచ్చాడు.

శనివారం తండ్రీకూతుళ్ళు గోడెక్కారు. కొత్తగా సున్నం కొట్టిన గోడ తెల్లగా, పొద్దుటి మంచులో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఉంది. రెండు నిచ్చెనల నడుమ పొడుగాటి బల్ల. ఎడమ కొసన ఆయన, కుడి కొసన పిట్ట. మాట్లాడుకోలేదు. ఆయన చేయి దానంతటదే పోయింది. మ, న, పి, ల్ల, లు. ఎప్పుడూ తమ్ముడికన్నా, కూతురికన్నా వెనకబడే మనిషి ఆ రోజు ముందే ముగించాడు. పిట్ట నిదానంగా రాసింది. రు అయింది, పో అయింది. క్కి మొదలుపెట్టబోతుండగా చినుకు పడింది. కుంచెలు మూట కట్టుకుని దిగిపోయారు.

దిగి తలెత్తి చూసినప్పుడు ఆయనకు ఒక సంగతి తెలిసింది. తన ఐదక్షరాలూ అయిపోయాయి. ఇక ఈ గోడ మీద తను చేయగలిగేదీ, మానగలిగేదీ ఏమీ లేదు. మిగిలిన మూడక్షరాలూ పిట్టవి. ఆపాలంటే ఇక ఉన్నది నోరొక్కటే. ఆయన చేతకానితనమంతా ఉన్నది అక్కడే.

ఆదివారం పొద్దున ఊరు లేచి చూసేసరికి గోడ తడిసి ముద్దయి ఉంది. నడిమి ఖాళీలో పాత సున్నాల అడుగు నుంచి చిన్నోడి అక్షరాలు తేలి ఉన్నాయి. కొత్తవాటి మధ్య పాతవి, ఒకే మాటలా కలిసిపోయాయి. మన పిల్లలు వెనక్కి పోరు. పాలవాడూ, రొట్టెల దుకాణంవాడూ, ఆసుపత్రి ఆయా, ఇంకో పాతికమందీ మైదానంలో నిలబడి చూస్తున్నారు. "రాత్రికి రాత్రే రాశాడ్రోయ్" అన్నాడు పాలవాడు.

అంతలో ఎండ వచ్చింది. జనం చూస్తుండగానే వె వెళ్ళిపోయింది. తర్వాత న. క్కి కాసేపు ఉండి, గుడి ఒక్కటీ ఇంకాసేపు ఉండి, అదీ తెల్లబడింది. గోడ మీద మిగిలింది ఎర్రగా, ఇద్దరు మనుషుల ఎత్తున:

మన పిల్లలు        పోరు.

ముందు ఎవరో నవ్వారు. "పోరట! సుఖం!" అన్నాడు రొట్టెలవాడు. ఎవరో కసిరారు. ఆసుపత్రి ఆయా మాత్రం, ఇద్దరు మనవల పేర్లూ ఆ గొడుగు కింద రాయించిన మనిషి, ఆ రెండు ముక్కలూ పెదాలు కదుపుతూ మళ్ళీ మళ్ళీ చదువుకుంది. చదివి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కబురంది ఆఫీసరు సైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చాడు. "ఏంటి మాస్టారూ ఇది? ఊరంతా నవ్వుతోంది. ఆ నడిమి మాట పూర్తి చేయండి, తొందరగా."

"తడి ఆరాలండీ" అంది పిట్ట, రంగు కలుపుతూ. "తడి మీద రంగు పట్టదు. ఇంకో అరగంట."

ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. రాతలాయనకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "మాస్టారూ, మీ మనసులో ఏముందో నాకు తెలియదనుకోకండి. మా అబ్బాయి మూడు నెలలుగా ఆ కొండ మీదే ఉన్నాడు. ఈ బస్సు ఖాళీగా వెళ్తే వాడి పక్కన ఎవరుంటారు చెప్పండి? నాకు దేశమంటే ఏమిటో పుస్తకాల్లో చదివినంతా మరిచిపోయాను. వాడు ఒంటరిగా ఉండకూడదు, అంతే."

ఆ మాట రాతలాయనకు గుండెల్లో దిగింది. ఆయన తల వంచుకుని నిచ్చెన ఎక్కాడు.

పిట్ట అప్పటికే బల్ల మీద ఖాళీకి అవతలి అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసుకుని, గోడను అరచేత్తో తాకి చూస్తోంది. ఆయన ఇవతలి అంచున, తన లు పక్కన కూర్చున్నాడు. ఇద్దరి నడుమ మూడక్షరాల చోటు. కింద జనం చిన్నగా, దూరంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టున్నారు.

"విన్నాను నాన్నా, ఆఫీసరుగారన్నది" అంది పిట్ట. "ఆ అబ్బాయి పక్కన ఎవరుంటారు?"

"తెలియదు తల్లీ." ఆయన కుంచెను వేళ్ళ మధ్య తిప్పాడు. "మీ బాబాయి పక్కన కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఇద్దరూ రాలేదు."

పిట్ట తల తిప్పి చూసింది. తండ్రి ఇన్ని మాటలు తిన్నగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు.

"బాబాయి సింహంలా వెళ్ళాడన్నావు కదా."

"బూట్ల తాళ్ళు కట్టుకుంటూ వెళ్ళాడు. ఎన్నిసార్లు వేసినా ముడి పడలేదు. నన్ను ఒక్క మాట అడిగాడు. కుపో అనమన్నాడు."

పిట్ట పెదాలు ఆ మాటను లోపల్లోపల తిరగేసుకోవడం ఆయన చూశాడు. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వు అనలేదా?"

"అర్థం కానట్టు నటించాను. నేను రాసిన గోడ నాకడ్డమొచ్చింది."

గోడ ఆరిపోయింది. అరచేయి పెడితే వెచ్చగా, పొడిగా ఉంది. కింద నుంచి ఆఫీసరు చేయి ఊపుతున్నాడు. పిట్ట కుంచె రంగులో ముంచింది. ముంచి, డబ్బా అంచుకు రాసి, అలాగే పట్టుకుంది. కుంచె కొసన ఎర్ర చుక్క ఒకటి పెద్దదవుతోంది. "నేను అడగను నాన్నా" అంది. "బాబాయిలాగ నేను అడగను. నాలుగు రోజులబట్టీ నీ మొహం చూస్తున్నా. నువ్వు గర్వపడుతున్నావేమో అనుకున్నా. ఆ కథ చెప్పినప్పుడల్లా నీ మొహం అలా వెలిగేది."

ఆయన నోరు తెరిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడే అడ్డం పడి ఉన్న మాట. తిన్నగా రమ్మంటే రాలేదు. అందుకని తిరగేసి అన్నాడు.

"కుపో."

పిట్ట తలెత్తింది.

"కుపో, తల్లీ. కుపో."

చుక్క జారి కింద పడింది. ఎక్కడో సైకిలు గంట మోగింది. ఆ పిల్ల మైదానం వైపు చూసింది, గొడుగు వైపు చూసింది, ఆఫీసరు వైపు మరీ ఎక్కువసేపు చూసింది. తర్వాత కుంచెను గుడ్డతో తుడిచింది, ఒక్కో వెంట్రుకా తుడిచినంత నిదానంగా.

"రేస, నాన్నా" అంది.

రేస అంటే సరే.

అని, ఖాళీ మీదుగా చేయి చాచి, తన కుంచె కాడ ఆయన కుంచె కాడకు తగిలించింది. టక్కుమంది.

ఆ సాయంత్రమే ఆఫీసరు వేరే రాతగాణ్ణి పిలిపించి నడిమి మాట పూరించేశాడు. చోటు కొలవడం తెలియని మనిషి, మూడక్షరాలూ ముడుచుకుని, ఎవరో తోస్తే లోపలికొచ్చినట్టున్నాయి. సోమవారం పదింటికి బస్సు వెళ్ళింది. అందులో ఆసుపత్రి ఆయా మనవల్లో ఒకడే ఉన్నాడట, రెండోవాడు దిగిపోయాడట. ఆఫీసరు కొడుకు సంగతి ఇప్పటికీ తెలియదు. రాతలాయన రోజూ ఆయన ఇంటి ముందు నుంచి వెళ్తూ కిటికీకేసి చూస్తాడు, అడగడానికి నోరు రాదు. అవన్నీ తర్వాతి సంగతులు.

అప్పుడు మాత్రం బల్ల మీద ఆయన కళ్ళు ఆర్పకుండా కూతుర్నే చూస్తున్నాడు. "అంతేనా?" అన్నాడు. తనకే వినబడనంత మెల్లగా అన్నాడు.

"అంతే. నువ్వు చెబితే చాలు కదా."

సంతోషం రావాలి. వచ్చింది కూడా, గుమ్మం దాకా వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. రాతలాయన ఆరిన గోడకు, ఆ ఖాళీ తెల్లటి చోటుకు, తల ఆనించాడు. ఊరంతా కింద నిలబడి చూస్తుండగా, కుంచె చేతిలో పట్టుకునే, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పిట్ట బల్ల మీద జరిగి వచ్చి భుజం పట్టుకుంది. "వెళ్ళనన్నాను కదా నాన్నా, ఇంకా ఎందుకు?" అంటోంది. ఎందుకో ఆయన చెప్పలేదు. ఒక్క మాట. ఇంత తేలిక. ఆ రోజు గుమ్మంలో కూడా ఇంతే తేలిక.